అవుట్‌కాస్ట్: ఒక్కడి వల్ల అయ్యే పని కాదు

అమెరికాలోని అట్లాంటా నుంచి వచ్చిన ర్యాప్ జంట అవుట్‌కాస్ట్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది 'హే యా' పాట, ఆ వీడియోలో ఆకుపచ్చ బట్టలేసుకుని చిందులేసే ఆంద్రే 3000. ఈ జంటలో రెండోవాడైన బిగ్ బాయ్ ఆ పాట పాడలేదు. బహుశా అందుకేనేమో, ఇరవై ఏళ్ళుగా ఒక అభిప్రాయం పాతుకుపోయింది: ఆంద్రే మేధావి, బిగ్ బాయ్ అతనికి దొరికిన మంచి తోడు. ఎవరెన్ని రకాలుగా తిప్పి చెప్పినా చివరికి తేలేది ఇదే. 1994 నుంచి 2003 దాకా వచ్చిన అయిదు ఆల్బమ్‌లను వరసగా వింటే మాత్రం ఈ మాట నిలబడదు. ఆ పాటల బలమంతా ఒకే బీట్ మీద ఇద్దరు రెండు రకాలుగా నడవడంలో ఉంది. ఒకడు నేల వదిలి పోతుంటే ఇంకొకడు పట్టి లాగుతాడు. లాగేది ప్రతిసారీ అదే మనిషి కాదు, అదీ విశేషం.

అట్లాంటా అంటే అక్కడి తెలుగువాళ్ళకు ఎక్కువగా తెలిసింది ఉత్తరపు శివార్లు: ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్. విమానం దిగి కారెక్కి నేరుగా అటే పోతారు. అవుట్‌కాస్ట్ కథ మొదలైంది ఆ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న వైపు. ఈస్ట్ పాయింట్, కాలేజ్ పార్క్, నైరుతి అట్లాంటా అన్నీ నల్లజాతి కుటుంబాల పేటలు. ఆంద్రే బెంజమిన్, బిగ్ బాయ్‌గా పేరుపడ్డ ఆంట్వాన్ ప్యాటన్ ఇద్దరూ 1975లోనే పుట్టారు. ఆంద్రేది అట్లాంటాయే. ప్యాటన్ జార్జియా తీరంలోని సవానా నుంచి వచ్చాడు. ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్లో చదువుకునే రోజుల్లో ఇద్దరికీ స్నేహం కుదిరింది. న్యూయార్క్ రాపర్లను అరిగిపోయేదాకా విని, మాటకు మాట పోటీపడుతూ సాన పట్టుకున్నారు.

ఇద్దరినీ పైకి తెచ్చినవాడు రికో వేడ్. అప్పటికి అతనిది కూడా కుర్రతనమే. ఒక బ్యూటీ సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. ఆ దుకాణం బయట బీట్ పెట్టుకుని, ఆపకుండా, ఒకరి మాట మీద ఇంకొకరు అందుకుంటూ ఈ ఇద్దరూ ర్యాప్ చేసి చూపించారు. వేడ్ వాళ్ళను తమ ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ ఉండే ఆ ఇంటి కింద ఒక నేలమాళిగ. గచ్చు కూడా లేదు, జార్జియా ఎర్రమట్టి నేల. అక్కడే రికో వేడ్, రే మర్రే, స్లీపీ బ్రౌన్ ముగ్గురూ 'ఆర్గనైజ్డ్ నాయిజ్' పేరుతో బీట్లు కట్టేవాళ్ళు. ఆ గదికి 'డంజన్' అని పేరు. మెట్ల మీద, మట్టి మీద, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుని కుర్రాళ్ళు రాసుకునేవాళ్ళు, ఒకరి రాత ఒకరికి వినిపించి తిట్లు తినేవాళ్ళు. తర్వాత 'గూడీ మాబ్'గా పేరు తెచ్చుకున్న సీలో తదితరులూ అక్కడివాళ్ళే. వీళ్ళందరినీ కలిపి 'డంజన్ ఫ్యామిలీ' అంటారు.

ఆర్గనైజ్డ్ నాయిజ్ పనితనం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో న్యూయార్క్ పద్ధతి వేరు: పాత రికార్డుల్లోంచి ముక్కలు కోసి, వాటినే తిప్పితిప్పి బీట్ కట్టడం. ఈ ముగ్గురూ బేస్ గిటార్, కీబోర్డు, గిటార్ వాయించేవాళ్ళను గదిలో కూర్చోబెట్టి కొత్తగా వాయింపజేసేవాళ్ళు. చర్చి ఆర్గన్, పాత సోల్ పాటల నిదానం, ఊళ్ళో కార్ల డిక్కీల్లో దద్దరిల్లే బేస్ ఇవన్నీ కలిశాయి. ఆ ధ్వని వినగానే ఏ ఊరిదో తెలిసిపోయేది.

ఎల్.ఎ. రీడ్, బేబీఫేస్ నడిపే లాఫేస్ రికార్డ్స్ అట్లాంటాలోనే ఉండటం కలిసొచ్చింది. 1992లో కంపెనీ వీళ్ళతో ఒప్పందం చేసుకుంది. మొదట క్రిస్మస్ ఆల్బమ్ కోసం ఒక పాట కావాలంది. పేటల్లో పెరిగిన ఈ కుర్రాళ్ళకు పొగగొట్టాలూ శాంటా తాతలూ ఎక్కడివి? తమ వీధిలో పండగపూట ఏం జరుగుతుందో అదే రాశారు. అలా 1993 చివర్లో వచ్చిన 'ప్లేయర్స్ బాల్' బిల్‌బోర్డ్ ర్యాప్ పాటల పట్టికలో అగ్రస్థానానికి చేరింది. 1994 ఏప్రిల్‌లో తొలి ఆల్బమ్ 'సదర్న్‌ప్లేయలిస్టికాడిలాక్‌మ్యూజిక్' వచ్చి ప్లాటినం (పది లక్షల ప్రతుల అమ్మకం) అయింది. అప్పటికి ఇద్దరికీ ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆ ఆల్బమ్‌లో ఇద్దరి మధ్య తేడా అంతగా కనపడదు. ఇద్దరూ క్యాడిలాక్ కార్లు, అమ్మాయిలు, వీధి దర్జా గురించే పాడతారు. తేడా రావడానికి ఒక అవమానం కావాల్సి వచ్చింది.

1995 ఆగస్టు 3న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోని పారమౌంట్ థియేటర్‌లో 'సోర్స్' అనే హిప్ హాప్ పత్రిక అవార్డుల సభ జరిగింది. న్యూయార్క్ వాళ్ళకూ లాస్ ఏంజలెస్ వాళ్ళకూ మధ్య వైరం ముదిరి, వేదిక మీదే మాటలు విసురుకుంటున్న రాత్రి అది. ఉత్తమ కొత్త ర్యాప్ బృందంగా అవుట్‌కాస్ట్ పేరు పిలవగానే జనం గోల చేశారు. ర్యాప్ పుట్టిన ఊళ్ళో, దక్షిణాది యాసలో పాడేవాళ్ళకు అవార్డేమిటన్నది వాళ్ళ బాధ. తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం విలన్‌కో హాస్యనటుడికో తప్ప కథానాయకుడికి దక్కని సంగతి తెలిసినవాళ్ళకు, ఆ అరుపుల వెనక ఎంత చులకన ఉందో వేరే చెప్పక్కర్లేదు. బిగ్ బాయ్ ఆతిథ్యం ఇచ్చిన ఊరి గురించి మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడాడు. తర్వాత మైకు అందుకున్న ఆంద్రే, మనసులు మూసుకున్న జనంతో విసిగిపోయామని చెప్పి, దక్షిణాదికీ చెప్పుకోవాల్సింది ఉంది, ఇంతకుమించి నేను చెప్పేదేమీ లేదు అని దిగిపోయాడు.

ఆ ఒక్క వాక్యంతోనే దక్షిణాది ర్యాప్ పుట్టిందన్నట్టు ఇప్పుడు రాస్తుంటారు. అది సరికాదు. హ్యూస్టన్‌లో గెటో బాయ్స్, మయామీలో టు లైవ్ క్రూ, టెక్సస్ పోర్ట్ ఆర్థర్ నుంచి యూజీకే, మెంఫిస్‌లో ఎయిట్‌బాల్ అండ్ ఎంజేజీ అప్పటికే ఉన్నారు. సొంత జనం, సొంత అమ్మకాలు వాళ్ళకున్నాయి. లేనిదల్లా కళగా గుర్తింపు. దక్షిణాది పాట డాన్సుకో కారుకో పనికొస్తుందిగానీ కూర్చుని వినదగ్గది కాదని పత్రికలు తీర్పు చెప్పేసిన కాలమది. అవుట్‌కాస్ట్ తిరగరాసింది ఆ తీర్పును. యాస మార్చుకోకుండా, న్యూయార్క్‌ను అనుకరించకుండా, ఎంత లోతుగా రాయవచ్చో చూపించారు. అదే ఏడాది గూడీ మాబ్ ఆల్బమ్ 'సోల్ ఫుడ్' కూడా వచ్చి ఇదే దారిని ఇంకా వెడల్పు చేసింది.

ఆ సభకు జవాబు 1996 ఆగస్టులో వచ్చిన 'ఏటీలియన్స్'. పేరులోనే అట్లాంటా, ఏలియన్స్ కలిసిపోయాయి. మీరు మమ్మల్ని పరాయివాళ్ళన్నారు, సరే అలాగే వింటారా అన్నట్టుంటుంది. ఆంద్రే మద్యం, గంజాయి మానేసి, మాంసం వదిలేసి, తలపాగా చుట్టడం మొదలుపెట్టాడు. బిగ్ బాయ్‌కి అప్పుడే మొదటి బిడ్డ పుట్టింది. మొదటి ఆల్బమ్ డబ్బుతో పరికరాలు కొనుక్కుని, బీట్లు కూడా తామే కట్టుకోవడం నేర్చుకున్నారు. అలా కట్టిన 'ఎలివేటర్స్' పాటలో, పాత బడి స్నేహితుడు ఆంద్రేను చూసి నీకేంరా, బాగా సంపాదించావు అన్నట్టు మాట్లాడతాడు. నెల జీతం మీద నువ్వెలా నెట్టుకొస్తున్నావో, పాట మీద నేనూ అలాగే నెట్టుకొస్తున్నానని ఆంద్రే జవాబు. బరువైన బేస్, దూరం నుంచి వచ్చే ప్రతిధ్వని, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానంలో అడుగుపెట్టింది.

ఇక 1998 సెప్టెంబరులో వచ్చిన 'అక్వెమినై'. ఈ జంట ఏం చేయగలదో పూర్తిగా తెలిసేది ఇక్కడే. అమ్మకాల్లో, బహుమతుల్లో దీన్ని మించినవి తర్వాత వచ్చాయిగానీ, పాటగా దీన్ని మించింది రాలేదు. బిగ్ బాయ్‌ది కుంభరాశి, ఆంద్రేది మిథునం, పాశ్చాత్య లెక్కలో. ఆ రెండు రాశుల పేర్లను అతికించి ఆల్బమ్‌కు పెట్టారు. ఇద్దరూ విడిపోతున్నారని, ఆంద్రేకి మతిపోయిందని అప్పటికే పుకార్లు. దానికి జవాబుగా ఇద్దరి తేడానే తలకెత్తుకున్నారు.

'డా ఆర్ట్ ఆఫ్ స్టోరీటెల్లిన్' మొదటి భాగం తీసుకుందాం. మొదటి చరణం బిగ్ బాయ్‌ది. సూజీ అనే అమ్మాయితో నడిచిన ఒక సరసం. మాటలు చకచకా దొర్లుతాయి, కొంటెతనం, కొంచెం బూతు, వినేవాడి పెదవి మీద నవ్వు. రెండో చరణంలో ఆంద్రే అదే బీట్ మీద సాషా గురించి చెబుతాడు. చిన్నప్పుడు ఆరుబయట పడుకుని ఆకాశం చూస్తూ పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే, బతికుండాలని ఉంది అంటుంది ఆ పిల్ల. ఆ మాట అతన్ని ఆలోచనలో పడేస్తుంది. కథ ముగిసేసరికి ఆమె మత్తు సూది పోటుతో చనిపోయి దొరుకుతుంది. ఇందులో ఏ ఒక్క చరణాన్ని తీసేసినా రెండోది సగమైపోతుంది. సూజీ దగ్గర నవ్వకపోతే సాషా దగ్గర గొంతు పట్టుకోదు. ఆంద్రే చరణాన్ని మాత్రమే కోసి మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

బిగ్ బాయ్ రాత ఎంత పదునైనదో తెలియాలంటే 'స్పాటీఆటీడోపలీషస్' వినాలి. ఏడు నిమిషాల పాట. పాట అనడం కూడా పూర్తిగా కుదరదు. ట్రంపెట్లు నిదానంగా తిరుగుతుంటే ఇద్దరూ మాటల్లో కథ చెబుతారు. బిగ్ బాయ్ భాగంలో ఒక మగాడు క్లబ్బులో ఒకామెను చూసి మైమరచిపోతాడు. అక్కడి నుంచి రెండు మలుపుల్లో కాలం దూకేస్తుంది. బిడ్డ, బాధ్యత, ఉద్యోగం వేట. పోస్టాఫీసు నుంచి పిలుపు రాదు, ఎందుకంటే మూత్రపరీక్షలో మత్తు బయటపడింది. మోహంతో మొదలైన కథ ఒక నిరుద్యోగి దిగులుతో ఆగుతుంది. ఒక నవల పట్టే సంగతిని అన్ని తక్కువ మాటల్లో పెట్టిన మనిషిని 'తోడు' అని సరిపెట్టడం అన్యాయం. ఆ ట్రంపెట్ల వరసనే బియాన్సే 2016లో 'ఆల్ నైట్' పాటలో వాడుకుంది.

ఆల్బమ్‌కు సోర్స్ పత్రిక అయిదుకు అయిదు మైకులిచ్చింది (ఆ పత్రిక మార్కులు మైకుల లెక్కలో వేస్తుంది). గోల జరిగింది ఆ పత్రిక సభలోనే కాబట్టి ఆ అయిదు మైకులకు విలువ ఇంకా ఎక్కువ.

అదే ఆల్బమ్‌లోని 'రోజా పార్క్స్' పాట కోర్టుకెక్కింది. చప్పట్లు, మౌతార్గాన్‌తో పల్లెటూరి చర్చి ముందు పండగలా సాగే పాట అది. పౌరహక్కుల ఉద్యమంలో బస్సు సీటు వదలనన్న రోజా పార్క్స్ పేరు పాట శీర్షికగా పెట్టారు. పాటలో ఆమె ప్రస్తావన లేదు. ప్రత్యర్థులను బస్సు వెనక్కి పొమ్మనే పల్లవి మాత్రం ఉంది. తన పేరు అనుమతి లేకుండా వాడుకున్నారని 1999లో ఆమె తరఫున దావా పడింది. మొదట కొట్టేశారు, పై కోర్టు కొంతభాగం మళ్ళీ నిలబెట్టింది, 2005లో రాజీ కుదిరింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆ పెద్దామె నొచ్చుకోవడంలో న్యాయముంది. దక్షిణాది నల్లజాతి చరిత్రను అంత ప్రేమగా మోసిన బృందమే ఆ చరిత్రలో ఇంకా బతికున్న మనిషిని అడగకపోవడం వాళ్ళ కెరీర్‌లో ఒక మచ్చ.

2000 అక్టోబరు 31న 'స్టాంకోనియా'. గాయకుడు బాబీ బ్రౌన్‌కు చెందిన స్టూడియోను కొనుక్కుని దానికి పెట్టుకున్న పేరునే ఆల్బమ్‌కూ పెట్టారు. గడియారం చూసుకోనక్కర్లేని సొంత స్టూడియో దొరికాక ప్రయోగాలకు అడ్డు లేకుండా పోయింది. 'బీఓబీ' (బాంబ్స్ ఓవర్ బాగ్దాద్) పాట నిమిషానికి 155 బీట్ల వేగంతో పరిగెడుతుంది; అప్పటి ర్యాప్ పాటల్లో చాలావరకు అందులో ముప్పాతిక వేగం కూడా అందుకునేవి కావు. దాని మీద గిటార్, ఆర్గన్, అట్లాంటాలోని మోరిస్ బ్రౌన్ కాలేజీ గాస్పెల్ (చర్చి పాటల) బృందగానం. ఇంత వేగంలోనూ బిగ్ బాయ్ నోట ఒక్క అక్షరం నలగదు. పేరులో బాగ్దాద్ బాంబులు ఉన్నందుకు రేడియోలు వెనకాడాయి, పాట పెద్ద హిట్ కాలేదు.

హిట్ అయింది 'మిస్ జాక్సన్'. 2001 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానం. ఆంద్రేకు గాయని ఎరికా బాడుతో ఒక కొడుకు, తర్వాత ఇద్దరూ విడిపోయారు. బిడ్డ అమ్మమ్మకు క్షమాపణ చెప్పుకోవడమే పాట. ఆంద్రే చరణం మెత్తగా, తప్పు ఒప్పుకుంటూ సాగుతుంది. బిగ్ బాయ్ చరణం మండిపోతుంటుంది: డబ్బు పంపిస్తున్నా, బిడ్డను చూడనివ్వరు, పైగా నిందలు. విడిపోయిన తండ్రికి ఉండే రెండు మనసులనూ రెండు గొంతులు పంచుకున్నాయి. ఒకే మనిషి రెండూ పాడితే అది నాటకంలా వినిపించేది. ఆ పాటకూ, ఆల్బమ్‌కూ గ్రామీలు వచ్చాయి.

2003 సెప్టెంబరులో వచ్చింది 'స్పీకర్‌బాక్స్ / ది లవ్ బిలో'. ఒకే అట్టలో రెండు డిస్కులు, ఒకటి బిగ్ బాయ్‌ది, ఒకటి ఆంద్రేది. ఆంద్రే దాదాపు ర్యాప్ మానేసి పాడటం మొదలుపెట్టాడు. అందులోదే 'హే యా'. ఈ పాటకు కాళ్ళు ఎందుకు ఆగవో తాళం లెక్క చూస్తే కొంత తెలుస్తుంది. మామూలు పాప్ పాటలు నాలుగు నాలుగు మాత్రలుగా నడుస్తాయి. ఇక్కడ మూడు నాలుగులు అయ్యాక హఠాత్తుగా ఒక రెండు వస్తుంది, ఆపైన మళ్ళీ రెండు నాలుగులు. ఒక్కో ఆవర్తం 22 మాత్రలు. నాలుగు పడుతుందనుకున్న చోట రెండే పడేసరికి పాట ముందుకు తూలినట్టవుతుంది, వినేవాడూ దానితోపాటే తూలతాడు. సాహిత్యం మాత్రం ప్రేమ నిలవదేమోనన్న దిగులు. ఇది ఎవరికీ పట్టదు, మీకు డాన్సు చాలు అని పాటలోనే అనేస్తాడు. నిజంగానే ఎవరికీ పట్టలేదు. తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. దాన్ని దించింది కూడా అదే ఆల్బమ్‌లోని పాట, బిగ్ బాయ్, స్లీపీ బ్రౌన్‌ల 'ది వే యు మూవ్'.

2004 ఫిబ్రవరిలో ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ దక్కింది. హిప్ హాప్‌కు సంబంధించి 1999లో లారిన్ హిల్ తర్వాత ఆ గౌరవం పొందింది ఇదొక్కటే. అమ్మకాల్లో డైమండ్ (కోటి) గుర్తింపు వచ్చింది. రెండు డిస్కుల ఆల్బమ్ కాబట్టి ఒక్కో ప్రతిని రెండుగా లెక్కించారన్నది గమనించాలి. అదే గ్రామీ వేదిక మీద ఆంద్రే బృందం ఆదివాసీల వేషాన్ని పోలిన పచ్చటి ఈకల బట్టలు వేసుకుని ఆడింది. అమెరికా ఆదివాసులు తీవ్రంగా నొచ్చుకున్నారు, ప్రసారం చేసిన సీబీఎస్ క్షమాపణ చెప్పింది.

పేరు, డబ్బు, బహుమతులు అన్నీ ఒక్కసారే వచ్చిన ఈ ఆల్బమ్‌తోనే జంట నిజానికి ముగిసింది. రెండు డిస్కుల్లోనూ గొప్ప పాటలున్నాయి. కానీ బిగ్ బాయ్ డిస్కులో పరధ్యానంగా ఆకాశం చూసేవాడు లేడు, ఆంద్రే డిస్కులో ఇక చాలు, దిగమని చెప్పేవాడు లేడు. 'ది లవ్ బిలో' చివరి సగం సాగతీతగా అనిపించడానికి కారణం అదే. 2006లో 'ఐడిల్‌వైల్డ్' అని 1930ల జార్జియా నేపథ్యంలో సినిమా, దానితోపాటు ఆల్బమ్ వచ్చాయి. దాని గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. 2007లో యూజీకే పాట 'ఇంటర్నేషనల్ ప్లేయర్స్ ఆంథమ్'లో మాత్రం ఇద్దరూ మళ్ళీ మెరిశారు. డ్రమ్ములు లేకుండా పెళ్ళికొడుకు గాభరాతో ఆంద్రే మొదలుపెడతాడు, డ్రమ్ములు పడ్డాక మిగతావాళ్ళు అందుకుంటారు, ముగింపు బిగ్ బాయ్‌ది.

ఆ తర్వాత బిగ్ బాయ్ పని ఆపలేదు. 2010లో అతని సోలో ఆల్బమ్ వచ్చేనాటికి పాత కంపెనీ జైవ్ రికార్డ్స్, ఆంద్రే గొంతున్న పాటలను అందులో పెట్టనివ్వలేదు. అయినా ఆ ఆల్బమ్ అద్భుతంగా వచ్చింది. ఒక సంగతి చాలామందికి తెలియదు: కలల్లాంటి పాటలు పాడే బ్రిటిష్ గాయని కేట్ బుష్‌కు బిగ్ బాయ్ చిన్నప్పటి నుంచీ వీరాభిమాని. వీధి మనిషి ఒకడు, కలలు కనేవాడు ఇంకొకడు అన్న పంపకం ఎంత తప్పో ఈ ఒక్క ముక్క చెబుతుంది. 2014లో కోచెల్లాతో మొదలుపెట్టి నలభైకి పైగా సంగీతోత్సవాల్లో కలిసి ఆడారు. కొత్త పాట ఒక్కటీ రాలేదు. 2023లో ఆంద్రే వేణువులతో 'న్యూ బ్లూ సన్' తెచ్చాడు. అందులో ఒక్క ర్యాప్ మాటా లేదు. 12 నిమిషాల మొదటి పాట హాట్ 100లోకి వచ్చి, ఆ పట్టికకెక్కిన అన్నింటికన్నా పొడుగు పాటగా నిలిచింది.

ఇక వారసత్వం. ఈరోజు ర్యాప్ రాజధాని అట్లాంటా అంటే ఎవరూ కాదనరు. కానీ ఆ నగరం నుంచి ప్రపంచమంతా పాకిన ట్రాప్ సంగీతం, టీఐ, గూచీ మేన్, మిగోస్‌ల శైలి, అవుట్‌కాస్ట్ ధ్వనిలోంచి పుట్టింది కాదు. అవుట్‌కాస్ట్ ఇచ్చింది అంతకన్నా మౌలికమైనది. తమ యాసతో తమ ఊళ్ళోనే ఉండి, న్యూయార్క్ అనుమతి లేకుండా పైకి రావచ్చన్న ధీమా. దానితోపాటు మనుషులు. ట్రాప్ పాటల్లో పెద్ద పేరైన ఫ్యూచర్, రికో వేడ్‌కు చుట్టం, డంజన్ ఫ్యామిలీలో మెళకువలు నేర్చుకున్నవాడు. కిల్లర్ మైక్ తొలిసారి జనానికి వినిపించింది 'స్టాంకోనియా'లో. 2024లో అతను మూడు గ్రామీలు గెలిచినప్పుడు, అందులో రెండు ఆంద్రే, ఫ్యూచర్ కలిసి పాడిన పాటకే వచ్చాయి. జనెల్ మోనే గొంతు చాలామంది మొదట విన్నది 'ఐడిల్‌వైల్డ్'లోనే.

ఎర్రమట్టి నేలమాళిగ ఉన్న ఆ ఇంటిని 2019లో బిగ్ బాయ్ కొనుక్కున్నాడు. రికో వేడ్ 2024 ఏప్రిల్‌లో చనిపోయాడు. 2025లో అవుట్‌కాస్ట్ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది.

కొత్తగా వినాలనుకునేవాళ్ళు 'హే యా' నుంచి మొదలుపెట్టకపోవడమే మంచిది. 'అక్వెమినై' మొత్తం ఒకసారి ఆపకుండా వినాలి, తర్వాత వెనక్కి 'ఏటీలియన్స్'కు, అటుపైన ముందుకు 'స్టాంకోనియా'కు వెళ్ళాలి. యాస మొదట్లో అడ్డొస్తుంది, సాహిత్యం ఎదురుగా పెట్టుకుంటే సర్దుకుంటుంది. ఇద్దరిలో ఎవరి చరణం బాగుందని లెక్క వేయకుండా, మొదటివాడు ఆపిన మాటను రెండోవాడు ఎటు తిప్పాడో చూస్తూ పోతే ఈ పాటలు త్వరగా పట్టుబడతాయి.